ఎంటెరోవైరస్ సోకిన పసిబిడ్డతో ఎన్ఐసీయూలో 11 రోజులు: ఒక సేవా సమీక్ష

ఈ సమీక్ష ఒక పెద్ద ఆసుపత్రిలోని నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగం (ఎన్ఐసీయూ) గురించి. ఆసుపత్రి పేరు కావాలనే రాయడం లేదు. ఇందులో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, తప్పుపట్టవలసినవీ ఉన్నాయి. పేరు రాస్తే చదివేవారి చూపు ఆ పేరు దగ్గరే ఆగిపోతుంది. పసిబిడ్డను ఏ ఎన్ఐసీయూలో చేర్చవలసి వచ్చినా అక్కడివారు ఏం అడుగుతున్నారు, ఏం అడగడం లేదు, ఏ మందు ఎందుకు పెడుతున్నారు, ఎప్పుడు ఆపుతున్నారు అన్నవి తల్లిదండ్రులు గమనించుకోగలిగితే చాలు, ఇది రాసిన పని నెరవేరినట్టే.

మా రెండో పాప 38 వారాలు నిండిన తరువాత మామూలు కాన్పులో 2.9 కిలోల బరువుతో పుట్టింది. మూడో రోజున ఇంటికి వచ్చేశాము. ఐదో రోజు సాయంత్రం నుంచి పాలు తాగడం తగ్గించింది. రెండు గుక్కలు తాగి నిద్రలోకి జారుకునేది. అరికాలు నిమిరినా, చెవి తడిమినా కళ్లు తెరిచేది కాదు. పసిపిల్లలు నిద్రపోతూనే ఉంటారు కదా అని నేనూ మావారూ సరిపెట్టుకున్నాము. మా అత్తగారు మాత్రం, "పిల్ల ఏడుపు మారిందమ్మా, నిన్నటి గొంతు కాదిది" అన్నారు. థర్మామీటరు పెట్టి చూస్తే 38.3 డిగ్రీల సెల్సియస్ ఉంది. 28 రోజులు నిండని బిడ్డకు 38 డిగ్రీలు గానీ అంతకు మించి గానీ జ్వరం ఉంటే ఇంట్లో మందు వేసి తెల్లవారేదాకా చూడకూడదని, ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరాలని ప్రసవమైన వార్డులో ఇచ్చిన కాగితంలో ఉంది. ఆ కాగితం ఇచ్చినందుకు ఆ వార్డుకు నా కృతజ్ఞతలు. ఆ వార్డు గురించి నేను చెప్పగలిగే మంచిమాట దాదాపు ఇదొక్కటే.

రాత్రి పదకొండు దాటాక విభాగంలోకి అడుగుపెట్టాము. డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పాపను వార్మర్ మీద పడుకోబెట్టి, గుండె, ఊపిరి చూసి, కాళ్లూ చేతులూ తడిమి, నర్సుకు పనులు పురమాయిస్తూనే నా వైపు తిరిగి ఒక ప్రశ్న అడిగింది. "అమ్మా, కాన్పుకు ముందు రెండు వారాల్లో మీకు జ్వరం గానీ, కడుపునొప్పి గానీ, విరేచనాలు గానీ వచ్చాయా? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా, వాళ్లకేమైనా ఒంట్లో బాగాలేదా?"

ఈ సమీక్షలో నేను ఎక్కువ మార్కులు వేస్తున్నది ఈ ప్రశ్నకే. కాన్పుకు రెండు రోజుల ముందు నాకు జ్వరం వచ్చింది, కడుపులో పట్టేసినట్టు నొప్పి కూడా ఉండేది. ప్రసవ వార్డులో ఆ సంగతి చెప్పాను. అలసట వల్ల వచ్చి ఉంటుందన్నారు, నొప్పి నొప్పులకు ముందుమాట అన్నారు. కేసు షీటులో ఆ జ్వరం ఎక్కనే లేదు. దానికి వారం ముందు మా మూడేళ్ల బాబుకు జ్వరం, రెండు రోజులు నీళ్ల విరేచనాలు, ఒంటి మీద చిన్న ఎర్రటి దద్దు వచ్చి తగ్గిపోయాయి. బడికి వెళ్లే పిల్లలకు వచ్చే మామూలు సుస్తీ అనుకున్నాము. ఈ మూడు ముక్కలనూ కలిపి చూడాలన్న ఆలోచన అంతవరకు ఎవరికీ రాలేదు. ఆ రాత్రి ఆ అమ్మాయి అర నిమిషంలో కలిపి చూసింది. కేసు షీటు మీద "ఎంటెరోవైరస్?" అని ప్రశ్నార్థకంతో రాసుకోవడం నేను చూశాను.

ఆ ప్రశ్న అంత ముఖ్యం ఎందుకయిందో మర్నాడు పెద్ద డాక్టరు గారు వివరించారు. ఎంటెరోవైరస్‌లు ఒక్కటి కాదు, పెద్ద కుటుంబం. పోలియో వైరస్ ఆ కుటుంబంలోదే. కాక్సాకీ ఎ, కాక్సాకీ బి, ఎకోవైరస్‌లు, అంకెలతో పిలిచే మరికొన్ని ఉన్నాయి. పెద్దవాళ్లకూ ఎదిగిన పిల్లలకూ ఇవి సోకితే చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు, లేదా రెండు మూడు రోజుల జ్వరంతో పోతుంది. పుట్టిన బిడ్డకు సోకినా చాలామంది పూర్తిగా కోలుకుంటారు. కానీ పుట్టిన మొదటి వారంలోనే జబ్బు బయటపడితే జాగ్రత్త పడాలి. తల్లికి ఆ వైరస్ ఎప్పుడో సోకి ఉంటే, దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు ముందే చేరి కాపు కాస్తాయి. కాన్పుకు రెండు మూడు రోజుల ముందు సోకితే తల్లి ఒంట్లో ఆ యాంటీబాడీలు ఇంకా తయారుకావు. ప్రసవ సమయంలో వైరస్ మాత్రం బిడ్డకు అందుతుంది, రక్షణ అందదు. నా జ్వరం తేదీకి అంత విలువ ఉందన్నమాట. అది కేసు షీటులో ఉండి ఉంటే మూడో రోజున మమ్మల్ని ఇంటికి పంపేముందు ఎవరో ఒకరు ఆగి ఆలోచించేవారేమో.

తరువాతి గంటలో జరిగినదంతా పద్ధతిగా జరిగింది. రక్తం తీశారు, సన్నటి గొట్టంతో మూత్రం తీశారు, వెన్నులో నీరు తీయడానికి మా సంతకం అడిగారు. వెన్నులో సూది అనగానే మావారు వెనకడుగు వేశారు. ఆ డాక్టరమ్మాయి విసుక్కోకుండా ఒక కాగితం మీద బొమ్మ గీసి, సూది వెళ్లే చోట వెన్నుపాము ఉండదనీ, అది అంతకు పైనే ముగిసిపోతుందనీ, ఈ నీరు చూడకుండా మెదడు పొరల వాపు ఉందో లేదో చెప్పడం కుదరదనీ చూపించింది. ఆ బొమ్మ గీయడానికి పట్టింది రెండు నిమిషాలు. అర్ధరాత్రి వేళ, మరో ముగ్గురు బిడ్డలను చూసుకోవలసిన మనిషి ఇచ్చిన రెండు నిమిషాలవి.

నీరు తీసిన వెంటనే, ఏ ఫలితం కోసమూ ఆగకుండా, యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టారు. వాటితో పాటు హెర్పిస్ వైరస్‌కు వాడే ఎసైక్లోవిర్ కూడా పెట్టారు. వైరస్ అనుమానం ఉందంటూనే యాంటీబయాటిక్ ఎందుకని మావారు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఈ వయసు బిడ్డలో బ్యాక్టీరియా వల్ల వచ్చే రక్త సంక్రమణ, హెర్పిస్ వైరస్, ఎంటెరోవైరస్ మూడూ మొదటి రోజున ఒకేలా కనిపిస్తాయట: జ్వరం, మగత, పాలు మానేయడం, కాలేయ ఎంజైములు పెరగడం. మొదటి రెండింటికి మందులున్నాయి, ఆలస్యం చేస్తే ప్రమాదం. మూడోదానికి మందు లేదు. కాబట్టి మందు ఉన్నవాటికి వైద్యం మొదలుపెట్టి, అవి కావని తేలాక ఆపేస్తారు. ఈ తర్కం నాకు నచ్చింది. దాన్ని చివరిదాకా నిలబెట్టుకోవడం ఇంకా నచ్చింది. మొదలుపెట్టడం అందరూ చేస్తారు, ఆపడానికే ధైర్యం కావాలి.

ఆపడానికి ఆధారమైనది పరీక్ష. ఈ విభాగంలో వెన్ను నీటి మీద 14 రకాల సూక్ష్మజీవులను వాటి జన్యు పదార్థాన్ని బట్టి ఒకేసారి వెదికే పీసీఆర్ ప్యానెల్ అనే పరీక్ష అందుబాటులో ఉంది. నమూనా యంత్రంలో పెట్టాక గంట ప్రాంతంలో ఫలితం వస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఎంటెరోవైరస్ ఉందని తేలింది. విచిత్రమేమిటంటే ఆ నీటిలో తెల్లకణాల సంఖ్య దాదాపు మామూలుగానే ఉంది. పూర్వం కణాలు లెక్కపెట్టి, వైరస్‌ను గాజు పాత్రలో పెంచి చూసే రోజుల్లో అయితే ఈ జబ్బు పేరు తెలియడానికి రోజులు పట్టేది, ఒక్కోసారి తెలిసేదే కాదు. పసిబిడ్డల్లో కణాలు పెరగకపోయినా వైరస్ ఉండవచ్చని, అందుకే కణాల లెక్క చూసి ఊరుకోకూడదని మాకు చెప్పారు. గొంతు, మలం, రక్తం నమూనాలు కూడా పంపారు. బ్యాక్టీరియా కల్చర్‌లో 48 గంటలకు ఏమీ పెరగలేదు, హెర్పిస్ పరీక్షలన్నీ లేదనే చెప్పాయి. మూడో రోజు ఉదయం రౌండ్స్‌లో యాంటీబయాటిక్‌లూ ఎసైక్లోవిరూ రెండూ ఆపేశారు. పాప కాలేయ ఎంజైములు అప్పటికింకా పెరుగుతూనే ఉన్నాయి, ప్లేట్‌లెట్లు 82 వేలకు దిగాయి. అటువంటి స్థితిలో, "ఎందుకైనా మంచిది, మరో వారం నడిపిద్దాం" అనడం ఏ డాక్టరుకైనా తేలిక, మాకూ వినడానికి ధైర్యంగానే ఉండేది. వారు అలా అనలేదు.

మూడో రోజు నుంచి ఆరో రోజు వరకు గడిచిన కాలం గురించి ఎక్కువ రాయలేను. రోజుకు రెండుసార్లు రక్తం గడ్డకట్టే సమయం చూసేవారు, గుండె లయను మానిటరు మీద గమనిస్తూ ఉండేవారు. ఈ వైరస్‌లలో కొన్నింటికి కాలేయం మీద కన్ను, కొన్నింటికి గుండె మీద. కాక్సాకీ బి వర్గం గుండె కండరానికి వాపు తెప్పించగలదు. ఎకోవైరస్ 11 కాలేయాన్ని దెబ్బతీసి రక్తస్రావం దాకా తీసుకువెళ్లగలదు. 2022 జులై నుంచి 2023 ఏప్రిల్ వరకు ఫ్రాన్స్‌లో ఎకోవైరస్ 11 వల్ల 9 మంది నవజాత శిశువులకు తీవ్రమైన జబ్బు చేసి, వారిలో ఏడుగురు మరణించిన సంగతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో ప్రకటించింది. నేను ఆ ప్రకటనను ఎన్ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని, రాత్రి రెండింటికి, ఫోనులో చదివాను. చదవకుండా ఉండవలసింది. సాధారణ ప్రజలకు ముప్పు తక్కువేనని అదే ప్రకటనలో ఉంది, కానీ ఆ వేళలో నా కళ్లకు ఏడు అన్న అంకె తప్ప మరొకటి ఆనలేదు.

విభాగంలో నాకు కనిపించిన మొదటి లోపం ఇక్కడే ఉంది. పగలు వివరించేవారు ఉన్నారు. రాత్రి ఎనిమిది దాటితే, "పాప స్టేబుల్‌గా ఉందమ్మా" అన్న ఒక్క వాక్యమే మిగిలేది. పాప ప్లేట్‌లెట్లు ఎంతో తెల్లవారేదాకా తెలిసేది కాదు. రాత్రివేళ ఒకసారి, పది నిమిషాలు చాలు, ఎవరైనా వచ్చి ఈ రోజు ఏ అంకె ఎటు కదిలింది, రేపు దేని కోసం చూస్తున్నాము అని చెప్పే ఏర్పాటు ఉంటే తల్లులు ఫోనుల్లో మరణాల లెక్కలు చదువుకోరు. ఈ మాట అభిప్రాయాల పుస్తకంలో రాశాను.

మాటల దగ్గరే మరో గందరగోళం జరిగింది. డాక్టరు గారు వైరస్‌ల పేర్లు చెబుతూ ఎకోవైరస్ అన్నారు. సాయంత్రం నర్సు వచ్చి, "పాపకు ఎకో నార్మల్ వచ్చింది" అంది. ఎకోవైరస్ లేదని తేలిందనుకుని మా అత్తగారు దేవుడికి దండం పెట్టుకున్నారు. ఆ అమ్మాయి చెప్పింది గుండెకు తీసిన ఎకో స్కాన్ గురించి. ఇందులో నర్సు తప్పేమీ లేదు. రెండు వేర్వేరు వస్తువులకు ఒకే పిలుపు ఉన్నప్పుడు, ముందే ఒక మాట చెప్పి ఉంచడం పెద్ద పని కాదు. ఎకోవైరస్ పేరులోని 'ఎకో'కు ప్రతిధ్వనితో సంబంధమే లేదని, నాలుగు ఆంగ్ల పదాల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందని, అందులో చివరి పదానికి అనాథ అని అర్థమని తరువాత తెలిసింది. కనుగొన్న కొత్తలో ఆ వైరస్ ఏ జబ్బుకు కారణమో తెలియక, ఏ జబ్బూ సొంతం కానిది కాబట్టి అనాథ అన్నారట. ఈ మాట విని మావారు చాలా రోజుల తరువాత మొదటిసారి నవ్వారు.

మందు గురించి అడగని రోజు లేదు. దూరాన ఉన్న మా మరిది ఎక్కడో చదివి ప్లెకోనారిల్ అనే మందు పేరు పంపాడు. పెద్ద డాక్టరు గారు ఆ పేరు విని కొట్టిపారేయలేదు. ఆ మందు ఎంటెరోవైరస్ ప్రోటీన్ గుల్లకు అతుక్కుని పనిచేస్తుందని, జలుబు మందుగా అమెరికాలో 2002లో అనుమతి దొరకలేదని, తీవ్రంగా జబ్బుపడిన నవజాత శిశువులు 61 మంది మీద చేసిన పరీక్ష 2016లో అచ్చయిందని చెప్పారు. మందు అందినవారిలో వైరస్ త్వరగా తగ్గినట్టూ, బతికినవారు ఎక్కువగా ఉన్నట్టూ అందులో కనిపించింది. కానీ ముందుగా పెట్టుకున్న ప్రధాన కొలమానంలో తేడా తేలలేదు, మందు ఆసుపత్రుల చేతికీ రాలేదు. అలాగే ఇమ్యునోగ్లోబులిన్ గురించి అడిగాము. అది వేలమంది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మిశ్రమం. మన బిడ్డకు సోకిన రకానికి సరిపడే యాంటీబాడీలు ఆ సీసాలో ఉంటే ఉపయోగపడవచ్చు, లేకపోతే లేదు. ఉపయోగపడుతుందని గట్టిగా చెప్పే రుజువు లేదు. గుండె గానీ కాలేయం గానీ ఇంకా దిగజారితే ఇస్తామని, ఇప్పుడు ఇవ్వబోమని చెప్పారు. "మీ తృప్తి కోసం ఇవ్వగలను, కానీ అది నా తృప్తికి చాలదు" అన్నారు ఆయన. ఆ మాట ఆ పూట కఠినంగా తోచింది. ఆరో రోజున ఎంజైములు తిరుగుముఖం పట్టాయి, ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి, ఇమ్యునోగ్లోబులిన్ అవసరం రాలేదు. పాప దానంతటదే కోలుకుంది. అంతవరకు సెలైన్, ఊపిరికి కొద్దిగా ఆక్సిజన్, గొట్టం ద్వారా నా పాలు, కన్నార్పకుండా కాపలా, ఇవే వైద్యం. పాలు పిండి పంపడం ఒక్క పూట కూడా ఆపనివ్వలేదు. నా ఒంట్లో అప్పటికి తయారవుతున్న యాంటీబాడీలు పాలలో కొంత చేరతాయని, ఆలస్యంగానైనా అందనివ్వండని అన్నారు.

ఇక నేను ఒక నక్షత్రం తగ్గించిన విషయానికి వస్తాను. అది చేతుల శుభ్రత.

విభాగం తలుపు దగ్గర గోడకు ఆల్కహాల్ జెల్ సీసా బిగించి ఉంది. అది క్రిములను 99.9 శాతం చంపుతుందని దాని మీద పెద్ద అక్షరాలతో ఉంది. లోపలికి వెళ్లే ప్రతివారూ రెండు చుక్కలు రాసుకుని వెళుతున్నారు. మేమూ అదే చేశాము. పాపకు ఎంటెరోవైరస్ అని తేలాక ఆమెను విడి గదిలోకి మార్చారు, సిబ్బంది గౌనులు, తొడుగులు వేసుకుని వచ్చేవారు, బయటికి వెళుతూ సబ్బుతో చేతులు కడుక్కునేవారు. సిబ్బందిలో ఒక్కరు కూడా తప్పడం నేను చూడలేదు. మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజు ఒక పెద్ద నర్సమ్మ నేను జెల్ రాసుకుని పాపను ఎత్తుకోబోతుంటే ఆపి, "దీనికి అది చాలదు తల్లీ, సబ్బు పెట్టి కడుక్కో" అన్నారు.

కారణం తెలుసుకున్నాక ఆ జెల్ సీసా మీద నాకు కోపమే వచ్చింది. చాలా వైరస్‌లకు బయట కొవ్వు పొర ఒకటి ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని కరిగించి వైరస్‌ను పాడుచేస్తుంది. ఎంటెరోవైరస్‌కు ఆ పొర లేదు. అది 30 నానోమీటర్ల వెడల్పున్న ప్రోటీన్ గుల్ల, లోపల దాని జన్యు పదార్థమైన ఒక ఆర్ఎన్ఏ పోగు, అంతే. జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తట్టుకుని పేగుల్లోకి చేరగలిగే నిర్మాణం దానిది, పేరే పేగుల మీదుగా వచ్చింది. అటువంటిదాని మీద మామూలు ఆల్కహాల్ జెల్ అంతగా పనిచేయదు. నీళ్లు, సబ్బు, కనీసం 20 సెకన్ల రుద్దుడు దాన్ని చేతి మీద నుంచి ఊడదీసి కడిగేస్తాయి. గచ్చు, బల్లలు తుడవడానికి క్లోరిన్ ఉన్న ద్రావణం కావాలి. జెల్ చెడ్డది కాదు. కొవ్వు పొర ఉన్న వైరస్‌లకు, చాలా బ్యాక్టీరియాకు అది చక్కగా పనిచేస్తుంది. కానీ తలుపు మీద అదొక్కటే పెట్టి, పక్కనే ఉన్న సింకు దగ్గర సబ్బు సీసా ఖాళీగా వదిలేస్తే, లోపలికి వచ్చేవారు తమ చేతులు శుభ్రమయ్యాయనే నమ్మకంతోనే వస్తారు. సబ్బు సీసా మూడు రోజులు ఖాళీగానే ఉంది. నేను లెక్కపెట్టాను, లెక్కలు చూడడం నా ఉద్యోగం.

ఇది చాదస్తం అనుకోవద్దు. 2019లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రి నవజాత శిశువుల విభాగంలో ఎకోవైరస్ 11 ఒకరి నుంచి ఒకరికి పాకి ఐదుగురు పసిబిడ్డలు చనిపోయారు. తల్లి నుంచి వచ్చే వైరస్ ఒక దారి అయితే, చేతుల మీదుగా మంచం నుంచి మంచానికి వెళ్లేది మరో దారి. మా పాప పక్క మంచం మీద 30 వారాలకే పుట్టిన కవల పిల్లలు ఉండేవారు. విడి గదికి మార్చేముందు గడిచిన ఆ కొద్ది గంటల్లో నేను పాప బట్ట మార్చి, జెల్ రాసుకుని, ఆ పిల్లల తల్లికి చెయ్యందించి లేపాను. వాళ్లకేమీ కాలేదు. ఆ సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఈ వైరస్‌లకూ పసికూనలకూ ఉన్న లంకె మొదటినుంచీ తెలిసినదే. 1948లో గిల్బర్ట్ డాల్‌డార్ఫ్, గ్రేస్ సికిల్స్ అనే శాస్త్రవేత్తలు న్యూయార్క్ రాష్ట్రంలోని కాక్సాకీ అనే పట్టణపు పిల్లల మలం నుంచి కాక్సాకీ వర్గాన్ని వేరుచేసినప్పుడు, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లోకి ఎక్కించడం వల్లనే అది బయటపడింది. ఎదిగిన ఎలుకలకు ఏమీ అయ్యేది కాదు. పాపకు సోకినది కాక్సాకీ బి వర్గానిదని రకం తేల్చే పరీక్ష నివేదిక మూడు వారాల తరువాత చెప్పింది. పట్టణం పేరు మోస్తున్న ఆ వైరస్ గురించి చదువుతుంటే, మా బాబు రెండు రోజుల్లో మరచిపోయిన జబ్బు చెల్లెలిని మంచాన పడేయడంలో వింతేమీ లేదని అర్థమైంది. బాబును ఎవరూ ఏమీ అనకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. వాడు పాపను ముద్దుపెట్టుకోవడం వల్ల వచ్చింది కాదు, నా ద్వారా వచ్చింది. నన్నూ ఎవరూ ఏమీ అనలేదు.

డిశ్చార్జి రోజున రెండో పెద్ద లోపం కనిపించింది. సమ్మరీలో వ్యాధి పేరు "వైరల్ సెప్సిస్" అని మాత్రమే ఉంది. ఏ వైరస్, ఏ నమూనాలో దొరికింది, కాలేయం ఎంతదాకా వెళ్లి వచ్చింది, గుండె స్కాన్ ఏ తేదీన తీశారు, ఏదీ లేదు. రేపు ఈ బిడ్డను మరో డాక్టరుకు చూపిస్తే ఆయన చేతిలో ఉండే కాగితం ఇదే. నేను కౌంటరు దగ్గరే నిలబడి, పీసీఆర్ నివేదిక నకలు, రక్తపరీక్షల పట్టిక జతచేసి ఇస్తేనే వెళతానన్నాను. గంటన్నర పట్టింది, ఇచ్చారు. అడగనివారికి ఇవ్వరన్నదే నా ఫిర్యాదు. ఇంటికి వెళ్లాక ఏం చేయాలో కూడా అడిగితే తప్ప చెప్పలేదు. గొంతులో వైరస్ ఒకటి రెండు వారాల్లో తగ్గినా మలంలో వారాల తరబడి పోతూనే ఉంటుంది. పాప బట్టలు మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, వాడి పారేసే డైపర్లు మూటగట్టి పారేయాలి, ఇంటికి మరో పసిబిడ్డ వస్తే దూరంగా ఉంచాలి. ఈ మూడు మాటలు ఒక చిన్న కాగితం మీద అచ్చువేసి ఇవ్వడం కష్టం కాదు. ప్రసవ వార్డు జ్వరం గురించి వేసిన కాగితం మా పాపను కాపాడిందని వాళ్లకు చెప్పాను కూడా.

తరువాతి పరీక్షల ఏర్పాటు మాత్రం బాగుంది. రెండు వారాలకు కాలేయం, నెలకు మరోసారి గుండె స్కాన్, మూడో నెలలో వినికిడి, ఎదుగుదల పరీక్ష అని తేదీలు వేసి ఇచ్చారు. వెన్ను నీటిలో వైరస్ దొరికిన పిల్లల్లో చాలామంది మామూలుగానే ఎదుగుతారని, అయినా మెడ నిలపడం, చూపు తిప్పడం, నవ్వడం వంటివి సమయానికి వస్తున్నాయో లేదో కొంతకాలం గమనిస్తూ ఉంటామని చెప్పారు. తేదీకి ముందురోజు వాళ్లే ఫోను చేసి గుర్తుచేశారు.

ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. వైద్యం వరకే అయితే ఐదూ ఇచ్చేదాన్ని. ప్రసవ వార్డు అదే ఆసుపత్రిది కనుక దానికి విడిగా వేయమంటే రెండు. ఆసుపత్రికి ఉత్తరం రాసి మూడు అడిగాను: ప్రసవానికి చేరే ప్రతి తల్లినీ గత రెండు వారాల్లో తనకూ ఇంట్లోవారికీ జ్వరం వచ్చిందేమో అడిగి కేసు షీటులో రాయాలని, ఎన్ఐసీయూ తలుపు దగ్గర సబ్బు వాడమని బోర్డు పెట్టాలని, డిశ్చార్జి కాగితంలో వైరస్ పేరు రాయాలని. మొదటిదాన్ని అమలు చేస్తున్నామని జవాబు వచ్చింది. మిగిలిన రెండూ పరిశీలనలో ఉన్నాయట.

మూడో నెల పరీక్షకు వెళ్లినప్పుడు విభాగం తలుపు దాకా వెళ్లి చూశాను. బోర్డు లేదు. సింకు దగ్గర సబ్బు సీసా నిండుగా ఉంది. చేతులు కడుక్కున్నాక తుడుచుకోవడానికి కాగితాలు మాత్రం లేవు. పాపను మావారికి ఇచ్చి, తడి చేతులు గాలికి ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.